సియోల్ నగరంలో కొన్ని వారాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు దక్షిణ కొరియా రాజధాని సియోల్ గురించి రాద్దామనిపించింది. ఉద్యోగం పనిమీద అక్కడ కొన్ని వారాలు ఉన్నాను. మనవాళ్ళు ఇప్పుడు చదువులకు, ఉద్యోగాలకు ఆ దేశం కూడా వెళ్తున్నారు. అందుకే చూసిన విశేషాలతోపాటు వెళ్ళేవారికి పనికొచ్చే విషయాలు కూడా చెబుతాను.

ప్రయాణం

సియోల్ జనాభా 90 లక్షల పైమాటే. నగరం మధ్యగా హాన్ నది పారుతుంది. చుట్టూ కొండలు. మన దేశం వారు వీసా ముందుగానే తీసుకోవాలి. విమానం దిగేది ఇంచియాన్‌లో. అక్కడి నుంచి నగరంలోకి నేరుగా రైలుంది. జనవరిలో చలి సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి పోతుంది. మన స్వెట్టరు ఒక్కటే సరిపోదు.

దిగగానే టీ-మనీ కార్డు కొనుక్కోండి. చిన్న చిన్న దుకాణాల్లో కూడా దొరుకుతుంది. అందులో డబ్బు వేయించుకుంటే మెట్రోకు, బస్సుకు అదే చాలు. బస్సు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు చూపించాలి. అప్పుడే బస్సు దిగి మెట్రో ఎక్కినా, మెట్రో దిగి బస్సు ఎక్కినా చార్జీ కలిసొస్తుంది. బస్సులకు రంగులున్నాయి. దూరం తిరిగే పెద్ద రూట్లవి నీలం, మెట్రో స్టేషన్లకు చేర్చేవి ఆకుపచ్చ, పక్క ఊళ్ళకు వెళ్ళేవి ఎరుపు. ఈ పద్ధతి 2004లో వచ్చింది.

అక్కడ మొదటి మెట్రో రైలు నడిచింది 1974 ఆగస్టు 15న. ఆగస్టు 15 వాళ్ళకూ పండుగే. 1945లో ఆ రోజునే జపాన్ పాలన నుంచి బయటపడ్డారు. మెట్రో పెట్టెలో చివరి సీట్లు పెద్దవాళ్ళవి. ఎంత రద్దీగా ఉన్నా కుర్రవాళ్ళు వాటిలో కూర్చోరు. మనమూ కూర్చోకూడదు.

అక్షరాలు నేర్చుకుని వెళ్ళండి

మెట్రో స్టేషన్లలో ఇంగ్లీషు బోర్డులుంటాయి. సందుల్లోని చిన్న హోటళ్ళలో మాత్రం అంతా కొరియన్ లిపే. మొదటిరోజు రాత్రి అలాంటి హోటల్లో కూర్చుని గోడమీద రాసి ఉన్న ధరల పట్టికను చూస్తూ ఉండిపోయాను. ఇంజనీరింగు చదివిన నేను అక్కడ నిరక్షరాస్యుణ్ణి. పక్క బల్లమీద ఉన్నదాన్ని వేలితో చూపించి తెప్పించుకున్నాను. చదువురాని మా నాన్న బస్టాండులో "ఈ బస్సు ఎక్కడికి పోతది బాబూ?" అని కనబడినవాళ్ళనల్లా అడగడం ఆ రాత్రి గుర్తొచ్చింది.

ఆ మర్నాడే అక్షరాలు మొదలుపెట్టాను. హంగుల్ అనే ఈ లిపిలో ఉన్నవి 24 అక్షరాలే, 14 హల్లులు, 10 అచ్చులు. మనం గుణింతం, ఒత్తు కలిపినట్టే వాళ్ళూ హ్, ఆ, న్ అనే మూడింటిని ఒకే గడిలో పేర్చి "హాన్" అని రాస్తారు. తెలుగు వచ్చినవారికి ఇది కష్టం కాదు. వారం తిరగకముందే బోర్డులు కూడబలుక్కుని చదివాను. అమ్మను వాళ్ళు "అమ్మ"కు దగ్గరగానే పిలుస్తారు, నాన్నను "అప్ప" అంటారు.

ఈ లిపిని 1443లో సేజాంగ్ అనే రాజు తయారుచేయించి 1446లో ప్రకటించాడు. అంతకుముందు రాయాలంటే చైనా అక్షరాలే దిక్కు. వేల గుర్తులు నేర్చుకునే తీరిక పేదవాడికి ఎక్కడిది? సామాన్యులు తమ మాట తాము రాసుకోవాలనే ఈ లిపి వచ్చింది. అక్టోబర్ 9న ఈ అక్షరాల పేరున దేశమంతా సెలవు. నగరం నడిబొడ్డున గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో ఆ రాజు విగ్రహం ఉంది. దాని వెనకే 1395 నాటి గ్యాంగ్‌బొక్‌గుంగ్ కోట. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.

తిండి

గ్వాంగ్‌జాంగ్ బజారు 1905 నుంచీ ఉంది. అక్కడ పెసరపప్పు రుబ్బి, నూనెలో మందంగా కాల్చే అట్లు అమ్ముతారు. మన పెసరట్టుకు చుట్టాలే. కొన్నింటిలో పంది మాంసం కలుపుతారు, తిననివారు ముందే అడగాలి. కిమ్చి చూడటానికి శాకాహారమే అయినా అందులో సాధారణంగా చేపల, రొయ్యల ఊరుపు ఉంటుంది. అన్నంతో ఇచ్చే కూరలు అయిపోతే మళ్ళీ అడగవచ్చు, డబ్బు తీసుకోరు. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. ఏదైనా ఇబ్బంది వస్తే 1330కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో సాయం చేస్తారు. పోలీసులకు 112, అంబులెన్సుకు 119.

వాగు ఒడ్డున

ఆ బజారు పక్కనే చాంగ్‌గేచాన్ అనే వాగు ఉంది. ఒకప్పుడు దాని ఒడ్డున పేదల గుడిసెలుండేవి. తరువాత వాగును కప్పేసి, పైన ఫ్లైఓవర్ కట్టారు. 2003లో దాన్ని పడగొట్టడం మొదలుపెట్టి, 2005లో వాగును మళ్ళీ బయటికి తెచ్చారు. సాయంత్రం జనం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు.

వాగు వెంట తూర్పుకు నడిస్తే ప్యాంగ్‌హ్వా బట్టల మార్కెట్ వస్తుంది. అక్కడి వంతెన మీద ఒక యువకుడి విగ్రహం ఉంది. పేరు జాన్ తే-ఇల్. బీదరికం వల్ల చదువు మధ్యలో ఆగిపోయిన దర్జీ. 1960లలో ఆ మార్కెట్లో నిటారుగా నిలబడటానికి కూడా వీలులేని అటకల మీద చిన్న వయసు ఆడపిల్లలు పగలూ రాత్రీ కుట్టుపని చేసేవారు. తన బస్సు చార్జీ డబ్బుతో వాళ్ళకు తినడానికి కొనిపెట్టి, తను ఇంటికి నడిచి వెళ్ళేవాడట. 1953 నుంచే కార్మిక చట్టం ఉందని ఆయనకు తరువాత తెలిసింది. పుస్తకం సంపాదించాడు. తీరా చూస్తే అది చైనా అక్షరాలతో నిండి ఉంది. అర్థం చెప్పడానికి కాలేజీలో చదివే స్నేహితుడు ఒక్కడుంటే బాగుండేదని బాధపడేవాడు. అర్జీలు పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1970 నవంబర్ 13న ఆ చట్టం పుస్తకంతో సహా నిప్పంటించుకుని, 22 ఏళ్ళకే చనిపోయాడు. కొరియా కార్మిక ఉద్యమానికి అది మలుపు అంటారు.

ప్రాణం తీసుకోవడం ఎవరికీ దారి కాదు. నన్ను ఆ వంతెన మీద చాలాసేపు నిలబెట్టింది ఆయన కోరుకున్న స్నేహితుడి సంగతి. తమ్ముళ్ళూ, మన ఇళ్ళకు వచ్చే నోటీసులు, పట్టాదారు కాగితాలు, జీవోలు ఇప్పటికీ మన అమ్మానాన్నలకు అర్థంకాని భాషలోనే ఉంటాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ వీధిలో ఎవరైనా ఒక కాగితం పట్టుకొస్తే, విసుక్కోకుండా చదివి అర్థం చెప్పండి. సియోల్ ఎప్పుడు చూసినా పరవాలేదు, ఈ పని మాత్రం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.