మంచు ఏటి మీద మన గిరిజన అమ్మాయి

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు మీలో చాలామంది చూసే ఉంటారు. మహబూబాబాద్ వైపు వారికి ఆకేరు, మున్నేరుల సంగతి చెప్పనక్కర్లేదు. చిన్న ఏరు పెద్ద ఏట్లో కలవడం మనకు కొత్తేం కాదు. మరి నీళ్లకు బదులు మంచే ఏరులా కదిలితే?

అలాంటి మంచు ఏరు ఒకటి అంటార్కిటికాలో ఉంది. ఆ ఖండంలోకెల్లా ఎత్తైన విన్సన్ శిఖరం (4,892 మీటర్లు) పక్క నుంచి దిగే ఈ చిన్న హిమానీనదం పేరు బ్రాన్స్‌కోంబ్. పొడవు సుమారు పది కిలోమీటర్లు. పడమటి వైపు దిగి నిమిట్జ్ అనే పెద్ద హిమానీనదంలో కలుస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మంచు తన బరువుకే గడ్డకట్టి, కంటికి తెలియనంత నెమ్మదిగా వాలు వైపు జరుగుతూ ఉంటుంది. జరిగేటప్పుడు లోతుగా పగుళ్లిస్తుంది. వాటి మీద కొత్త మంచు పలచగా కప్పుకుంటే పైన నడిచేవారికి ఏమీ కనబడదు! అందుకే నడుములకు తాడు కట్టుకుని వరసగా నడుస్తారు.

విన్సన్ ఎక్కేవారి మొదటి మజిలీ ఈ మంచు మీదే. చక్రాలకు బదులు స్కీలున్న చిన్న విమానం అక్కడ దించి వెళుతుంది. సామాన్లు చిన్న బండి మీద పెట్టుకుని ఎవరిది వారే లాగాలి. తాగే నీళ్లకు మంచు కరిగించుకోవాలి. డిసెంబరులో సూర్యుడు అస్తమించడు, అయినా చలి సున్నాకు ఎంతో దిగువే.

అలాంటి చోట 2019 డిసెంబరు 26న విన్సన్ శిఖరం మీద నిలబడింది మన మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలలో కూలిపని చేసుకునే లంబాడా దంపతుల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుండగా కొండలెక్కే శిక్షణకు ఎంపికైంది. తొలి పాఠాలు ఎక్కడనుకున్నారు? జనగామ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో కనిపించే భువనగిరి కొండ మీద! 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. 2022 జూన్‌లో డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది.

ఇంకో విచిత్రం వినండి. భూపాలపల్లి గనుల్లో తీసే బొగ్గు ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు పైబడిన అడవులది. ఆ కాలపు గ్లాసోప్టెరిస్ చెట్ల ఆకుల ముద్రలు విన్సన్ ఉన్న పర్వతాల రాళ్లలోనూ దొరికాయి. అప్పట్లో మన నేల, ఆ నేల గోండ్వానా అనే ఒకే ఖండంలో ఉండేవి. గోండుల పేరు మీదుగా వచ్చిన మాటే అది.

మహబూబాబాద్ తండాల్లో పూర్ణలాంటి పిల్లలు లేరంటారా? ఉన్నారు. పదో తరగతి కాగానే "ఇక సంబంధం చూద్దాం" అనే మాట చాలా ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉంది. పూర్ణకు దొరికింది ఒక హాస్టలు, ఒక శిక్షణ, "వెళ్లు బిడ్డా" అన్న అమ్మానాన్నలు. మొదటి రెండూ ప్రభుత్వాన్ని అడిగి తెచ్చుకోవాలి. మూడోది మాత్రం మన చేతుల్లోనే ఉంది కదమ్మా!