చివరి సాలుకు జీవామృతం అందుతోందా? డ్రమ్ము, గేజ్, సీసాతో తేల్చేద్దాం

డ్రిప్‌లో జీవామృతం వదిలే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: మొదటి సాళ్లు బాగున్నాయి, చివరి సాళ్లు ఎందుకు వెనకబడ్డాయి? భూమినో, జీవామృతాన్నో అనుమానించే ముందు పైపులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో, ప్రెజర్ ఎక్కడ పోతోందో కొలవండి. ఎలాగో వీడియోలో చేసి చూపించాను. లెక్కలు ఇక్కడ రాస్తున్నా.

నీళ్ల కొలత: డ్రిప్ నడుస్తున్నప్పుడు మోటారు దగ్గర గేజ్ ఎంత చూపిస్తుందో రాసుకోండి. తర్వాత నీళ్లు బయటికి వదిలి, గేజ్‌లో అదే అంకె వచ్చేదాకా వాల్వ్ బిగించి 200 లీటర్ల డ్రమ్ము నింపండి. 80 సెకన్లలో నిండితే సెకనుకు 2.5 లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. అంటే గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు 2,250కి సరిపోతాయి.

పైపులో నష్టం: ఇవే నీళ్లు 100 మీటర్ల 63 ఎం.ఎం. పీవీసీ పైపులో పారితే సుమారు 1.6 మీటర్ల ప్రెజర్ పోతుంది. 50 ఎం.ఎం. పైపులో అయితే దాదాపు 5 మీటర్లు! 10 మీటర్లంటే సుమారు ఒక కేజీ ప్రెజర్. అంటే అర కేజీ పైపే మింగేస్తుందన్నమాట. ఎల్బోలు, వాల్వ్‌ల నష్టం దీనికి అదనం.

ఫిల్టర్: దానికి ముందొక గేజ్, వెనకొక గేజ్ పెట్టండి. తేడా అర కేజీకి చేరిందంటే వెంటనే కడగాలి. జీవామృతంలో పేడ పీచు ఉంటుంది కాబట్టి వడకట్టకుండా డ్రిప్‌లోకి వదలొద్దు.

సీసా పరీక్ష: మొదటి, చివరి డ్రిప్పర్ల కింద 6 నిమిషాలు సీసాలు పెట్టండి. 4 లీటర్ల డ్రిప్పర్ 400 మి.లీ. ఇవ్వాలి. మామూలు డ్రిప్పర్లలో ప్రెజర్ సగానికి పడితే 280 మి.లీ. దగ్గరే ఆగిపోతుంది. ఆ మొక్కకు జీవామృతం కూడా అంతే తగ్గినట్టు. తేడా 10 శాతం లోపుంటే దిగులు లేదు.

ఖర్చు లేని మార్గం: పైపు మార్చే ముందు తోటను రెండు భాగాలు చేసి, ఒక్కో వాల్వ్ విడిగా నడపండి. పారే నీళ్లు సగమైతే 50 ఎం.ఎం. పైపులో 5 మీటర్ల నష్టం 1.4 మీటర్లకు దిగుతుంది. అప్పుడు మోటారు దగ్గర ప్రెజర్ పెరుగుతుంది, గేజ్ చూసుకోండి. జీవామృతం రెండు భాగాలకూ సమంగా పంచండి. మళ్లీ చివరి సాలు దగ్గర సీసా పెట్టి చూడండి. అప్పుడు కూడా మొక్క లేవకపోతేనే భూమి సంగతి ఆలోచిద్దాం.