ఉప్పెన – రేవులో కట్టిన తెరచాప పడవలు

రేవులో కట్టిన పడవ భద్రంగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను అమెరికాలోని న్యూజెర్సీ తీరాన్ని తాకినప్పుడు ఇది ఎల్లప్పుడూ నిజం కాదని తేలింది. ఆనాడు పౌర్ణమి పోటు, ఉప్పెన కలిసి వచ్చాయి. తేలే జెట్టీలు నీటితోపాటు పైకి లేస్తాయి. వాటిని పట్టి ఉంచే గుంజలు మాత్రం కదలవు. నీరు గుంజల కొనలను దాటిన చోట జెట్టీలు పడవలతో సహా కొట్టుకుపోయాయి.

తాడు పొట్టిగా, బిగుతుగా ఉంటే పడవ పైకి లేవలేక మునుగుతుంది. వదులైతే పక్క పడవను ఢీకొంటుంది. అందుచేత పొడవాటి తాళ్లను ఏటవాలుగా నాలుగు వైపులా కట్టాలి. చుట్టి ఉంచిన తెరచాపను కూడా దించివేయాలి. లేకపోతే గాలికి అది విచ్చుకొని పడవను లాగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: తాళ్లు సరిగా కట్టినా కొన్ని పడవలు ఎందుకు కొట్టుకుపోతాయి?