ఫోటోలు, వీడియోలు చెడకుండ పంపు విధము



పెండ్లి ఫోటోలు, మనుమల ఆటపాటల వీడియోలు మాత్రమేగాక, భూమి దస్తావేజుల నకళ్లు, వైద్యుని చీటీలు, ఎక్స్‌రే పటములు సైతము నేడు వాట్సాప్ వంటి సాధనముల మూలమున ఊరూరికిని పోవుచున్నవి. పంపినవారి ఫోనులో అద్దమువలె నిర్మలముగానున్న పటము, అందుకొన్నవారి ఫోనులో మసకబారి కనబడుట పలువురెరిగినదే. పెండ్లి ఫోటో మసకబారినచో కలుగు కొరత స్వల్పము. దస్తావేజునందలి సర్వేనెంబరులో 3 అను అంకె 8 వలె కానవచ్చినచో, అమ్మువానికిని కొనువానికిని తగవు దాపురించును. కావున ఇట్లేల జరుగునో, జరుగకుండుటకేమి చేయవలయునో నేను నేడు మీకు విన్నవింతును.

ఫోటో యనగా రంగుచుక్కల సముదాయము. అడ్డముగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుగల ఫోటోలో మొత్తము 1 కోటి 20 లక్షల చుక్కలుండును. అంత బరువును మోయుటకు కాలమును పట్టును, డేటాయు ఖర్చగును. అందుచేత ఫోటోను ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ దానిని ముందుగా కుదించును. పై ఫోటోను 1,600కు 1,200 చుక్కలుగా కుదించితిమనుకొనుడు. అప్పుడు మిగులునవి 19 లక్షల 20 వేలు. అనగా ఆరింట ఒక పాలునకును తక్కువ. అంతటితో ఆగక, కంటికంతగా తెలియని సూక్ష్మభేదములను సైతము తీసివేయును.

ఈ తీసివేత వెనుక గొప్ప గణితము కలదు. బెంగుళూరున జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావుగా ప్రసిద్ధులైన కామిసెట్టి రామమోహనరావు గారలు 1974లో ఆ గణితమును ప్రకటించిరి. 1992లో ప్రమాణముగా స్థిరపడిన జేపెగ్ పద్ధతికి అదియే ఆధారము. ఆ విద్య మేలైనదే. కాని తీసివేసిన భాగము మరల రాదు.

దీనిని మనకు తెలిసిన పనితో పోల్చి చెప్పెదను. వడ్లను మరపట్టించి బియ్యము చేసినచో బండికి బరువు తగ్గును. వండుకొనుటకు కొరతయు లేదు. కాని ఆ బియ్యమును మడిలో చల్లిన మొలకెత్తదు. విత్తనము కావలసినవానికి వడ్లే పంపవలయును. అట్లే, చూచి ఆనందించుటకు కుదించిన ఫోటో చాలును. చదువుటకును, అచ్చువేయించుటకును, వైద్యుడు పరీక్షించుటకును మూలమే కావలయును.

మూలమును పంపు మార్గమిది. వాట్సాప్‌లో సందేశము వ్రాయు గడి ప్రక్కన కాగితపు క్లిప్పు గుర్తు గాని, కూడిక గుర్తు గాని యుండును. దానిని నొక్కి, గ్యాలరీకి పోక, డాక్యుమెంట్ అనుదానిని ఎన్నుకొని, అందుండి ఫోటోను గాని వీడియోను గాని పంపవలయును. ఇట్లు పంపినది కుదింపబడదు. 2022 నుండి ఈ మార్గమున 2 జీబీల వరకు గల ఫైలు పోవుచున్నది. టెలిగ్రామ్‌లోను ఫైలుగా పంపు వీలు కలదు. 2023లో వాట్సాప్‌నందు వచ్చిన హెచ్‌డీ అను గుర్తును నొక్కినచో ఫోటో మునుపటికంటె స్పష్టముగా పోవును. అయినను అదియు కొంత కుదించినదే. మిక్కిలి పెద్ద వీడియోలను గూగుల్ డ్రైవ్‌లో ఉంచి, కావలసినవారికి మాత్రమే అనుమతినిచ్చి, లింకు పంపుట యుక్తము.

సరిగా చేరినదో లేదో తెలిసికొనుట సులభము. మీ ఫోనులో ఫోటో 4 ఎంబీలున్నచో, అవతలివారి ఫోనులోను 4 ఎంబీలే యుండవలయును. తగ్గినచో ఫోటోగానే పంపితిరని యెరుగుడు.

ఇందు మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది, పెద్ద ఫైలునకు డేటా ఎక్కువ ఖర్చగును. వైఫై యున్నచోట పంపుట మేలు. రెండవది, మూలఫోటోలో దానిని తీసిన తేదీయు, ఫోనులో ఆ యేర్పాటున్నచో తీసిన స్థలమును దాగియుండును. డాక్యుమెంట్‌గా పంపినప్పుడు అవియు వెంటపోవును గనుక, ఎరుగనివారికి ఇట్లు పంపరాదు. మూడవది, తీయునప్పుడే మసకబారిన పటమును ఏ మార్గమును బాగుచేయజాలదు. కాగితమును చదునుగా పరచి, పగటి వెలుగున, చేయి కదలకుండ తీయవలయును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. పంపితిమి గదా యని మీ ఫోనులోని మూలమును చెరిపివేయకుడు. అవతలివారికి చేరినది కుదించిన ప్రతి యైనచో, మీరు చెరిపినదే కడపటి మూలము కావచ్చును. విత్తనపు గాదెను ఖాళీచేసికొని బియ్యపు మూటను నమ్ముకొను రైతు ఎవడును లేడు గదా! సెలవు.