బీ పోలెన్ ఎలా తీస్తారు? తినే ముందు ఇది చూడండి

మాది విజయనగరం. ఆన్‌లైన్‌లో బీ పోలెన్ తెప్పించా. డబ్బా చూసి మా అమ్మ "ఇదేట్రా, మెంతులా?" అంది. నేను స్టైల్‌గా ఒక చెంచా నమిలేశా. కాసేపటికే గొంతంతా దురద! అదృష్టం, దురదతోనే ఆగింది. అప్పుడు కూర్చుని చదివా.

తేనెటీగ పువ్వుల పుప్పొడిని కాస్త తేనెతో తడిపి, ఉండ చేసి, వెనక కాళ్లకి అంటించుకుని వస్తుంది. పెట్టె గుమ్మానికి మెష్ బిగిస్తారు. ఇటాలియన్ ఈగకైతే రంధ్రం సుమారు 5 మిల్లీమీటర్లు. ఈగ దూరుతుంది, ఉండ రాలి కింద ట్రేలో పడుతుంది. మన నాటు తొర్ర ఈగ ఇంకా చిన్నది, ఆ మెష్‌లోంచి ఉండతో సహా వెళ్లిపోతుంది. తెలివైందే! పచ్చి పుప్పొడిలో తేమ ఎక్కువ, వదిలేస్తే బూజు పడుతుంది. అందుకే రోజూ తీసి సన్న వేడిలో ఆరబెడతారు, లేదంటే ఫ్రీజరే.

బీ బ్రెడ్ వేరు. లోపలికి చేరిన పుప్పొడిని ఈగలు తేనె, లాలాజలం కలిపి గదుల్లో కుక్కుతాయి. అది మన ఇడ్లీ పిండిలా పులుస్తుంది. తీయాలంటే పట్టు కోయాలి, లేదా గది గదీ తవ్వాలి. అందుకే అంత రేటు.

కానీ అది పిల్ల ఈగల తిండి. మెష్ ఎప్పుడూ ఉంచేస్తే పెట్టె బలహీనపడుతుంది. అరకులో వలిసెలు విరగబూసే రోజుల్లాంటప్పుడు కొన్నాళ్లు పెట్టి తీసేయాలి.

ఆస్తమా, ఎలర్జీ ఉన్నోళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. మిగతావాళ్లు మొదట ఒకట్రెండు గింజలే. ముఖం వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి కొట్టండి.

నా డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంది. అమ్మ పోపులో వేసేయకుండా పైన పేరు రాసి పెట్టా.