వంతెన కింది గాలి

శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్తరపు అంచున, గోల్డెన్ గేట్ వంతెనకు తూర్పుగా ఉన్న ఇసుక ఒడ్డు పేరు క్రిసీ ఫీల్డ్. ఒకప్పుడు సైనిక విమానాలు దిగిన మైదానమిది. ఇప్పుడు జాతీయ ఉద్యానవనంలో భాగం. తూర్పు కొస దాటగానే పడవల రేవు, దాని వెనక ఇళ్ల వరుసలు. వంతెన చూడడానికి వచ్చే బే ఏరియా తెలుగువాళ్లకూ ఈ ఒడ్డు పరిచయమే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నాల్లో ఇక్కడ రంగురంగుల గాలిపటాలు లేస్తాయి. వాటి తాళ్లకు నడుము కట్టుకుని, పలకల మీద నిలబడి మనుషులు నీటిమీద దూసుకుపోతుంటారు. చూడడానికి పండగలా ఉంటుంది గానీ, కైట్‌సర్ఫింగ్‌లో ఇది ఆరితేరినవాళ్ల చోటు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ నీళ్లలో దిగకూడదు.

గాలి పుట్టే తీరు ముందు చూడాలి. ఎండాకాలంలో లోపలి సెంట్రల్ వ్యాలీ 38 డిగ్రీలకు కాగుతుంటే, బయట పసిఫిక్ నీళ్లు 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటాయి. వేడెక్కిన గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి పరుగెడుతుంది. దారిలో తీరం పొడవునా కొండలు అడ్డం. వాటి మధ్య ఉన్న పెద్ద సందు, వంతెన కింది జలసంధి. ఇరుకు చోట కమ్ముకున్న గాలి వేగం పుంజుకుని, మధ్యాహ్నానికి 20 నాట్లు దాటడం మామూలే. గాలి వేగం 15 నుంచి 25 నాట్లకు పెరిగితే గాలిపటం లాగే బలం దాదాపు మూడు రెట్లవుతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు మూడు సైజుల పటాలు వెంట తెచ్చుకుంటారు.

ఒడ్డు దగ్గర మాత్రం ఆ గాలి నిలకడగా ఉండదు. పడమటి గట్లు అడ్డుపడడం వల్ల ఇసుక మీద ఒక క్షణం పటం బరువుగా లాగుతుంది, మరుక్షణం తాళ్లు వదులవుతాయి. చుట్టూ పరుగెత్తేవాళ్లు, కుక్కలు, పిల్లలు. 20 మీటర్లకు మించిన తాళ్లు ఎవరి కాళ్లకైనా తగిలితే గాయం తప్పదు. అందుకని పటం లేపే ముందు చుట్టూ చూసుకోవాలి, సాయం పట్టేవాడు ఉండాలి. లేచాక ఆలస్యం చేయకుండా నీళ్లలోకి జరిగి, ఒడ్డునుంచి దూరం పోవాలి.

అసలు పరీక్ష నీటిది. అంత పెద్ద శాన్‌ఫ్రాన్సిస్కో బే నిండేదీ, ఖాళీ అయ్యేదీ ఈ ఒక్క సందు గుండానే. పెద్ద ఆటు రోజుల్లో వంతెన కింద ప్రవాహం 4 నాట్లు దాటుతుంది. ఆటు పడమరకు పోతుంటే గాలి తూర్పుకు వీస్తుంది. రెండూ ఎదురుపడ్డ చోట అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని మీద ఒకటి లేస్తాయి. గాలి 20 నాట్లు, ఆటు 3 నాట్లు అయితే పలక మీద ఉన్నవాడికి తగిలే గాలి 23 నాట్లు. పోటు వేళ అదే 17కు తగ్గుతుంది. ఒకే రోజు రెండు వేర్వేరు సముద్రాల్లో ఆడినట్టుంటుంది.

గాలి పడిపోతే ఈ లెక్కలు ప్రాణం మీదికొస్తాయి. పటం నీళ్లలో పడ్డవాడు తాళ్లు చేతిలోని కడ్డీకి చుట్టుకుని, గాలి నింపిన అంచును పట్టుకుని తేలాలి. ఒడ్డునుంచి వంతెన రెండు కిలోమీటర్ల పైచిలుకే. 4 నాట్ల ఆటు దాదాపు ఇరవై నిమిషాల్లో అక్కడికి చేరుస్తుంది, అవతల విశాలమైన సముద్రం. చల్లని నీళ్లలో వెట్‌సూట్ ఉన్నా ఓపిక త్వరగా కరుగుతుంది. పోటు వేళైతే ప్రవాహం తూర్పుకు, రేవు రాతిగట్టు వైపు నెడుతుంది. ఓక్లాండ్‌కు పోయే భారీ సరుకు ఓడలు ఈ సందులోంచే వస్తాయి. చిటికెలో ఆగగలిగేవి కావవి. తప్పుకోవలసింది గాలిపటం మనిషే.

ఇంత కష్టమైన నీళ్లలోనే పోటీ ఆటగాళ్లు రాటుదేలారు. ఆరుసార్లు ప్రపంచ విజేత డానియేలా మొరోజ్ పోటీలకు పదునుపెట్టుకున్నది ఈ బేలోనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పోటీ తొలిసారి చేరింది.

ఈ తీరాన నీటిమట్టం లెక్కలు 1854 నుంచి నడుస్తున్నాయి, కాబట్టి ఆటుపోట్ల పట్టిక నమ్మదగినది. అనుభవజ్ఞులు గాలి సూచన కంటే ముందు దాన్నే చూస్తారు. సాయంత్రం గాలి సన్నగిల్లే వేళకే పెద్ద ఆటు ఉందని తేలితే, ఆ రోజు పటం సంచీలోంచి బయటికి తీయరు.