బజారు దాటిపోయిన మూల్యం

విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో, కంకిపాడు మార్కెట్ దగ్గర కాసేపు నిలబడితే ఒకే ప్రశ్న నాలుగు రకాలుగా వినపడుతుంది. ‘మినుములు ఎంతకు పోతున్నాయండీ?’, ‘బస్తా రేటెంత?’, ‘ధర పలికిందా?’, ‘అంత ఖరీదా!’ వీటిలో ఎక్కడా ‘మూల్యం’ రాదు. సంస్కృతంలో ధరకు బాగా వాడుకలో ఉన్న పేరు అదే. కానీ తెలుగువాడు దాంతో బేరమాడడు.

తప్పు చేసినవాడు మూల్యం చెల్లించుకుంటాడు. ఇంటర్ జవాబు పత్రాలకు మూల్యాంకనం జరుగుతుంది. పెద్దల సలహా అమూల్యం. తెలుగులో ఈ మాట బతుకుతున్నది ఇలాంటి చోట్లే.

పొరుగు భాషల సంగతి తెలియాలంటే కేంద్రం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధరను ఎవరేమంటున్నారో చూడాలి. హిందీలో అది ‘న్యూనతమ్ సమర్థన్ మూల్య’. బెంగాలీ, ఒడియాల్లోనూ మూల్యమే. గుజరాతీ రైతుకు ‘టేకానా భావ్’, మరాఠీ రైతుకు ‘హమీభావ్’. దక్షిణాదికి వస్తే తమిళంలో ‘విలై’, మలయాళంలో ‘విల’, కన్నడంలో ‘బెలె’. మన ‘వెల’, ‘విలువ’ కూడా ఆ కుటుంబంలోవే. తమిళంలో ‘విల్’ అంటే అమ్మడం, పాత తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. ఒకే వేరు నుంచి ఒకరికి అమ్మకం, ఇంకొకరికి కొనుగోలు!

ధరకు సొంత మాటలు ఉండబట్టే కావచ్చు, ఇక్కడ సంస్కృత పదం విలువ వైపు జరిగింది. కన్నడ ‘మౌల్య’కూ, మలయాళ ‘మూల్యం’కూ ముఖ్యంగా ఆ అర్థమే. ఉత్తరాదిన మాత్రం అది ‘మోల్’ అయి సంతలోనే నిలిచింది. బేరమాడితే ‘మోల్‌భావ్’, వెలకట్టలేనిదైతే ‘అన్‌మోల్’. 1946లో గుజరాత్‌లోని ఆణంద్‌లో మొదలైన పాల సహకార సంఘం తర్వాత తన వెన్నకు పెట్టుకున్న ‘అమూల్’ పేరులోనూ ‘అమూల్య’ ఉంది.

మూల్యం అనే మాట పుట్టుక నేరుగా రైతు చేలోకి తీసుకెళ్తుంది. మూలం అంటే వేరు, పెట్టుబడి కూడా. పాణిని వ్యాకరణం ‘మూల్య’ను ఒకటికి మించిన దారుల్లో సాధిస్తుంది. ఒకటి, వేరుతో పీకాల్సిన పంట. ఆ వ్యాకరణానికి సుమారు ఏడో శతాబ్దంలో వచ్చిన వ్యాఖ్య కాశికావృత్తి దీనికి ఇచ్చిన ఉదాహరణలు మినుములు, పెసలు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు ఆ తడిలోనే మినుములు చల్లుతారు. పంట ఎండాక చాలాచోట్ల కూలీలు ఇప్పటికీ చెట్టును వేళ్లతో సహా పీకి కుప్ప వేస్తారు.

ఇంకొకటి ధర. కాశిక వివరణ ప్రకారం, పెట్టిన మూలం తిరిగి రావడంతో సరిపోదు, దాని మీద కొంత కలిసి రావాలి. అప్పుడే అది మూల్యం. మన రైతు ‘గిట్టుబాటు’ అనేది దీన్నే.

ప్రభుత్వ లెక్కా ఇదే పద్ధతిలో నడుస్తుంది. సాగు ఖర్చుకు కనీసం ఒకటిన్నర రెట్లు మద్దతు ధరగా ఇస్తామని 2018–19 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. 2025–26కు సాధారణ రకం ధాన్యం సాగు ఖర్చును క్వింటాలుకు 1,579 రూపాయలుగా లెక్కగట్టి, ధర 2,369గా నిర్ణయించింది. 75 కిలోల బస్తాకు అది సుమారు 1,777 రూపాయలు.

ఆ 1,579 దేశం మొత్తం మీద తీసిన సగటు. కంకిపాడు కౌలు రైతు పుస్తకంలో దుక్కి, విత్తనం, ఎరువు, కోత మిషన్ కిరాయి, కౌలు బస్తాలు వేరే అంకెల్లో ఉంటాయి. తేమ పేరుతో ధర తగ్గిన రోజు అతను ‘మొదలుకే మోసం వచ్చింది’ అంటాడు, లేదా ‘అసలు కూడా రాలేదు’ అంటాడు. ‘మొదలు’ అంటే చెట్టు అడుగు, పెట్టిన సొమ్ము కూడా. అరబ్బీ నుంచి వచ్చిన ‘అసలు’కూ అక్కడ వేరు అనే అర్థం. మూల్యం అనకపోయినా, అతను అడిగేది ఆ మూలాన్నీ, దాని మీద రావాల్సిన నాలుగు రూపాయల్నీ.